మాన్యువల్ వైడ్ యాంగిల్ లెన్సుల షార్ప్‌నెస్ పోల్చడం ఎలా? తరచుగా అడిగే ప్రశ్నలు

ఒకే లెన్స్‌ని ఒకరు అద్భుతం అంటారు, ఇంకొకరు మూలలు అసలు పనికిరావంటారు. చాలాసార్లు ఇద్దరూ చూసింది నిజమే. తేడా గాజులో కాక ఫోకస్‌లోనో, అడాప్టర్‌లోనో (ఒక మౌంట్ లెన్స్‌ని ఇంకో మౌంట్ బాడీకి కలిపే రింగ్), టార్గెట్ దూరంలోనో ఉంటుంది. ఆ మూడింటినీ ముందు పక్కకు తప్పించకపోతే మీరు పోలుస్తున్నది లెన్సులను కాదు. కింది లెక్కలన్నీ ఫుల్ ఫ్రేమ్ (36 × 24 మి.మీ.) సెన్సర్‌కు, 24 మెగాపిక్సెల్ కెమెరాకు వేసినవి. అందులో ఒక్కో పిక్సెల్ వెడల్పు దాదాపు 6 మైక్రాన్లు, అంటే 0.006 మి.మీ.

రెండు లెన్సుల్లో ఏది షార్ప్‌గా ఉందో తేల్చడానికి కనీసం ఏమేం కావాలి?

ఒకే కెమెరా బాడీ, కదలని ట్రైపాడ్, వంద మీటర్ల అవతల సన్నని వివరాలున్న దృశ్యం, ఒక గంట తీరిక. డాబా మీద నుంచి కనిపించే అపార్ట్‌మెంట్ల కిటికీ గ్రిల్స్, సెల్ టవర్ కడ్డీలు, దూరపు సైన్‌బోర్డుల అక్షరాలు మంచి టార్గెట్లు. కొబ్బరి, తాటి మట్టలు ఎంత సన్నగా కనిపించినా వద్దు. మనకు తెలియకుండా పిసరంత గాలికే ఊగుతాయి, ఆ మసక లెన్స్ ఖాతాలో పడుతుంది.

ఎండాకాలంలో అయితే ఉదయం ఎనిమిది లోపే ముగించండి. పొద్దెక్కాక స్లాబుల మీద నుంచి లేచే వేడి గాలికి దూరపు గీతలు అలల్లా వంగిపోతాయి. ఆ తర్వాత తీసిన లెన్స్ ఏదైనా ఓడిపోతుంది.

కెమెరా సెట్టింగులు: ఐఎస్ఓ 100, రా ఫైల్, బాడీలోని స్టెబిలైజేషన్ ఆఫ్, 2 లేదా 10 సెకన్ల టైమర్. బాడీలో ఎలక్ట్రానిక్ ఫ్రంట్ కర్టెన్ (షట్టర్ అదురును తగ్గించే సెట్టింగ్) ఉంటే అది ఆన్ చేయండి. అన్ని లెన్సులూ అయ్యాక మొదటి లెన్స్‌ని మళ్లీ పెట్టి ఇంకోసారి తీయండి. మొదటిసారి, చివరిసారి ఒకేలా వస్తే మధ్యలో వెలుతురు, గాలి, ట్రైపాడ్ మారలేదని అర్థం. ఈ ఒక్క అడుగు చాలామంది వదిలేస్తారు. అది లేని పోలికను మేము నమ్మం.

టెస్ట్ చార్ట్ ప్రింట్ తీసి గోడకు అంటిస్తే సరిపోదా?

వైడ్ లెన్సుకు సరిపోదు. 20 మి.మీ. లెన్స్‌ని 40 సెం.మీ. దూరంలో పెడితే ఫ్రేమ్‌లో సుమారు 72 × 48 సెం.మీ. మేర పడుతుంది. ఏ3 కాగితం 42 × 29.7 సెం.మీ. మాత్రమే కాబట్టి మూలల దాకా చేరనే చేరదు. చార్ట్‌ను నాలుగు ముక్కలుగా అంటించి మూలలకు చేర్చినా, మీరు కొలిచేది 40 సెం.మీ. దూరంలో ఆ లెన్స్ పనితీరు. కొండలనూ కోటలనూ తీయడానికి కొన్న లెన్స్‌కి ఆ లెక్కతో పని లేదు.

పాత వైడ్ లెన్సుల్లో ఈ తేడా మరీ ఎక్కువ. దగ్గరి దూరాల్లో మూలలు చెడిపోకుండా ఫోకస్ తిప్పినప్పుడు లోపలి గాజులు వేర్వేరు వేగాలతో కదిలే ఏర్పాటును నికాన్ 1967లో 24 మి.మీ. ఎఫ్/2.8 లెన్స్‌తో తెచ్చింది. దానికి వాళ్లు పెట్టిన పేరు క్లోజ్ రేంజ్ కరెక్షన్, పొట్టిగా సీఆర్‌సీ. ఆ ఏర్పాటు ఉన్న లెన్స్, లేని లెన్స్ అర మీటరులో ఒకలా, అనంతంలో (చాలా దూరపు దృశ్యంలో) ఇంకోలా తలపడతాయి. దగ్గర గెలిచింది దూరంలో గెలవాలని లేదు.

తప్పనిసరిగా దగ్గరి టెస్టే కావాలంటే ఫోకల్ లెంగ్త్‌కు కనీసం 50 రెట్ల దూరం పాటించండి. 20 మి.మీ.కి ఒక మీటరు, 28 మి.మీ.కి 1.4 మీటర్లు. ఏ లెన్స్ అయినా అప్పుడు 1.8 మీటర్ల వెడల్పు గోడ కావాలి. ప్లాస్టరింగ్ చేయని ఇటుక గోడ ఇందుకు బాగుంటుంది.

కెమెరా గోడకు సమాంతరంగా ఉందని ఎలా తెలుస్తుంది?

గోడ మీద, ఫ్రేమ్ మధ్యలోకి వచ్చే చోట ఒక చిన్న అద్దాన్ని బల్లపరుపుగా అదిమి పెట్టండి. అద్దంలో మీ లెన్స్ ప్రతిబింబం సరిగ్గా ఫ్రేమ్ మధ్యలో కనిపించేదాకా ట్రైపాడ్ తల కదపండి. అంతే.

దీని గురించి అవసరానికి మించి బెంగ పడనక్కర్లేదు. 3 మీటర్ల దూరంలోని గోడకు 20 మి.మీ. లెన్స్ ఒక డిగ్రీ వాలుగా ఉందనుకుందాం. గోడ అంచులు ఒకవైపు 47 మి.మీ. దగ్గరగా, రెండోవైపు అంతే దూరంగా వెళ్తాయి. సెన్సర్ దగ్గర ఆ తేడా 0.002 మి.మీ. మాత్రమే, కంటికి ఆనదు. వైడ్ లెన్స్ ముందువైపు పొరపాట్లను బాగా ఓర్చుకుంటుంది. దాని సున్నితమంతా వెనకవైపు, మౌంట్ దగ్గర ఉంది.

అంటే అడాప్టర్ అంత తేడా తెస్తుందా?

తెస్తుంది. వైడ్ లెన్సుల పోలికలో తప్పుడు తీర్పులకు మొదటి కారణం అదే.

నికాన్ ఎఫ్ మౌంట్ నుంచి సెన్సర్ దాకా దూరం 46.5 మి.మీ., సోనీ ‘ఈ’ (E) మౌంట్‌ది 18 మి.మీ. ఈ రెంటి మధ్య అడాప్టర్ మందం 28.5 మి.మీ. ఉండాలి. కెనాన్ ఎఫ్‌డీ దూరం 42 మి.మీ. కాబట్టి దాని అడాప్టర్ 24 మి.మీ. చవక అడాప్టర్లను చాలామంది తయారీదారులు కావాలనే కొంచెం పొట్టిగా చేస్తారు. పొడవైతే అనంతం ఫోకస్ అందదు, కొన్నవాళ్లు వెనక్కి పంపుతారు. పొట్టిగా ఉంటే ఎవరూ గమనించరు.

50 మి.మీ. లెన్స్‌కి నిజంగానే దానివల్ల పెద్ద నష్టం లేదు. 20 మి.మీ.కి ఉంది. ఫోకల్ లెంగ్త్‌ను దానితోనే గుణించి, అడాప్టర్ ఎంత పొట్టో దానితో భాగించండి. 20 × 20 = 400, దాన్ని 0.1తో భాగిస్తే 4000 మి.మీ. అంటే అడాప్టర్ 0.1 మి.మీ. పొట్టిగా ఉంటే, రింగ్ మీద 4 మీటర్ల గుర్తు ఉన్న చోటే అనంతం వచ్చేస్తుంది. సీఆర్‌సీ ఉన్న లెన్స్ అయితే లోపలి గాజులు 4 మీటర్లకు తగిన అమరికలో ఉండగా మీరు కొండను తీస్తున్నారు. మధ్య భాగం బాగానే ఉంటుంది, మూలలు నలుగుతాయి. తప్పు లెన్స్ మీద పడుతుంది.

రెండో జబ్బు వాలు. మామూలు జిరాక్స్ కాగితం మందం సుమారు 0.1 మి.మీ. మౌంట్‌కి ఒక పక్క అంత ఎత్తు పెరిగితే, ఫ్రేమ్ ఎడమ, కుడి అంచుల దగ్గర ఫోకస్ 0.036 మి.మీ. తప్పుతుంది. ఎఫ్/2.8లో దీన్ని 2.8తో భాగిస్తే 0.013 మి.మీ. మసక, అంటే రెండు పిక్సెల్స్ పైనే. ఎఫ్/8లో ఇదే మసక 0.0045 మి.మీ.కి తగ్గి ఒక పిక్సెల్‌లో ఇమిడిపోతుంది. ‘ఎఫ్/8లో బాగుంది, ఎఫ్/2.8లో ఒక పక్క పోయింది’ అనే ఫిర్యాదులు చాలావరకు ఇక్కడి నుంచే పుడతాయి.

దోషం ఎక్కడుందో పట్టుకోవడానికి అదే అడాప్టర్‌కి వేరే లెన్స్ పెట్టి చూడండి. అదే పక్క మెత్తగా వస్తే అడాప్టర్‌నో, బాడీ మౌంట్‌నో అనుమానించాలి. బాడీకి సొంత మౌంట్ లెన్స్ పెట్టినప్పుడు రెండు పక్కలూ సమానంగా వస్తే ఇక అడాప్టరే. చాలాసార్లు అడాప్టర్ మౌంట్ ప్లేట్‌ని పట్టి ఉంచే చిన్న స్టార్ స్క్రూలు వదులై ఉంటాయి. సరిపడే స్క్రూడ్రైవర్‌తో ఎదురెదురు స్క్రూలను విడతలవారీగా బిగించండి, ఒకదాన్ని పూర్తిగా బిగించి రెండోదానికి వెళ్లకండి. లెన్స్ పెట్టాక చేత్తో తిప్పి చూస్తే కొద్దిగా ఆడుతోందంటే, ఆ అడాప్టర్‌తో ఏ పోలికా చేయకండి.

ఫోకస్ మధ్యలో పెట్టాలా, మూలలోనా?

రెండు చోట్లా, వేర్వేరు ఫోటోలుగా.

లెన్స్ ఫోకస్ చేసే తలం నిజానికి బల్లపరుపుగా ఉండదు, చాలా వైడ్ లెన్సుల్లో గిన్నెలా వంగి ఉంటుంది. మధ్యలో ఫోకస్ చేస్తే మూలల్లో ఫోకస్ ఇంకెక్కడో పడుతుంది. మధ్య ఫోకస్‌తో ఒకటి, అదే అపర్చర్‌లో మూలకు ఫోకస్ చేసి ఇంకొకటి తీయండి. రెండో ఫోటోలో మూల కడిగినట్టు తేటపడితే ఆ లెన్స్ మూలలు బలహీనమైనవి కావు, వంపు ఉందంతే. ఎంత తిప్పినా తేటపడకపోతే అది అసలైన లోపం. కొనేవాడికి ఈ రెండూ వేర్వేరు సంగతులు. వంపు ఉన్న లెన్స్‌తో మధ్యకు, మూలకు నడుమ ఎక్కడో ఫోకస్ చేసి ఎఫ్/8కి తగ్గిస్తే ప్రకృతి దృశ్యాలు చక్కగా వస్తాయి. అసలు లోపం ఉన్నదాన్ని అలా కాపాడలేం.

ఫోకస్ పీకింగ్‌ను (ఫోకస్‌లో ఉన్న అంచులకు స్క్రీన్ మీద రంగు పూసే సౌకర్యం) నమ్మకండి. వైడ్ లెన్స్‌లో సగం ఫ్రేమ్ రంగుతో వెలిగిపోతుంది. వ్యూను పది రెట్లు పెద్దది చేసి, రింగ్‌ను షార్ప్ అయిన చోటు దాటించి, మళ్లీ వెనక్కి తెచ్చి ఆపండి. పాత లెన్సుల హెలికాయిడ్‌లో (ఫోకస్ రింగ్‌తో తిరిగే మర) కొంచెం వదులు ఉంటుంది కాబట్టి ప్రతిసారీ ఒకే దిక్కు నుంచి రావాలి. ఒక్కో అపర్చర్‌లో మూడుసార్లు కొత్తగా ఫోకస్ చేసి మూడు ఫోటోలు తీసి, అన్నిటికన్నా మంచిదాన్ని ఉంచుకోండి. ఎఫ్/5.6 వరకు తీసే అపర్చర్‌లోనే ఫోకస్ చేయాలి. పూర్తిగా తెరిచి ఫోకస్ చేసి తర్వాత తగ్గిస్తే కొన్ని లెన్సుల్లో ఫోకస్ ముందుకో వెనక్కో జరిగిపోతుంది.

దూరపు దృశ్యంలో మూలల్లో ఆకాశం, కింద మా డాబా గోడే వస్తున్నాయి. మూలలు ఎలా చూడాలి?

కెమెరాను పక్కకు వాల్చండి. దిగంతం ఒక మూల నుంచి ఎదుటి మూలకు కర్ణంలా వెళ్లేలా సుమారు 34 డిగ్రీలు. అప్పుడు మధ్య భాగం, రెండు మూలలు మూడూ దూరపు భవనాల మీదే పడతాయి. తర్వాత రెండో దిక్కుకు వాల్చి మిగతా రెండు మూలలు. ఫోటో చూడ్డానికి వింతగా ఉంటుంది కానీ వైడ్ లెన్స్‌కి ఇంతకన్నా నిజాయితీ గల పరీక్ష మాకు తెలియదు.

ఆ భవనాలన్నీ వంద మీటర్లకు పైన ఉండాలని ఎందుకంటున్నామంటే, అనంతంలో ఫోకస్ చేసిన 20 మి.మీ. లెన్స్‌కి 10 మీటర్ల దూరంలోని వస్తువు ఎఫ్/2.8లో రెండు పిక్సెల్స్‌కు పైగా మసకబారుతుంది. వంద మీటర్లు దాటాక ఆ తేడా పిక్సెల్‌లో నాలుగో వంతు కూడా ఉండదు.

ఒక్క మూల మాత్రమే మెత్తగా ఉంది. ఇది డీసెంటరింగేనా (లోపలి గాజు మధ్య నుంచి పక్కకు జరగడమేనా)?

ముందు అడాప్టర్ సంగతి తేల్చుకున్నాక చూడండి. పూర్తి అపర్చర్‌లో, ఫోకస్ రింగ్‌ను కదలకుండా టేప్ వేసి, దూరంలోని ఒకే సైన్‌బోర్డును నాలుగు మూలలకూ మార్చి మార్చి నాలుగు ఫోటోలు తీయండి. ఆ నాలుగు మూలల ముక్కలను పక్కపక్కన పెట్టండి. టార్గెట్ ఒకటే, దూరం ఒకటే, కాబట్టి నాలుగూ సమానంగా మెత్తబడితే అది లెన్స్ డిజైన్. ఒకటి మాత్రం వేరుగా ఉంటే ఆ కాపీలో గాజు పక్కకు జరిగిందో, వాలిందో అయి ఉండాలి.

దీనికో మలుపు ఉంది. వాలు ఉన్నప్పుడు ఒక అంచులో ఫోకస్ ముందుకు, రెండో అంచులో వెనక్కి పోతుంది. లెన్స్‌కి సహజంగా వంపు కూడా ఉంటే ఒకవైపు ఆ రెండూ ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి, రెండోవైపు కలిసిపోయి రెట్టింపు అవుతాయి. అందుకే తరచూ ఒక పక్క ‘బ్రహ్మాండంగా’ ఉండి రెండోది ఘోరంగా కనిపిస్తుంది. ఆ బ్రహ్మాండమైన పక్క కూడా రోగంలో భాగమే.

విప్పి సరిచేయొచ్చా అంటే, ముందు గాజుల గుంపు స్క్రూలు వదులైన సందర్భాల్లో అనుభవం ఉన్న మెకానిక్ చేయగలడు. ఇంట్లో ప్రయత్నించమని మేము చెప్పం.

ఎఫ్/8కి వస్తే అన్ని లెన్సులూ ఒకటే కదా, ఇంత శ్రమ ఎందుకు?

మధ్య భాగంలో దాదాపు ఒకటే. మూలల్లో కాదు. పైగా ఎఫ్/8 దాటాక డిఫ్రాక్షన్ (చిన్న రంధ్రం గుండా వెళ్లిన వెలుతురు పరుచుకుని మసకబారడం) కనిపించడం మొదలవుతుంది. ఆకుపచ్చ వెలుతురుకు ఒక చుక్క ఎఫ్/5.6లో 7.5 మైక్రాన్లు, ఎఫ్/8లో 10.7, ఎఫ్/11లో 14.8, ఎఫ్/16లో 21.5 మైక్రాన్ల వెడల్పున పరుచుకుంటుంది. ఇది ఎంత ఖరీదైన లెన్స్‌కైనా తప్పదు. ఎఫ్/16లో పోల్చి ‘రెండూ ఒకటే’ అనడంలో అర్థం లేదు, అక్కడ లెన్సుల తేడాను డిఫ్రాక్షన్ మింగేస్తుంది. మూలలు ఏ అపర్చర్‌లో మధ్య భాగాన్ని అందుకుంటున్నాయన్నదే చూడాల్సిన విషయం. ఎఫ్/5.6లోనే అందుకునే లెన్స్, ఎఫ్/11 దాకా లాగే లెన్స్ కన్నా చాలా మెరుగు.

రేంజ్‌ఫైండర్ వైడ్ లెన్స్ మిర్రర్‌లెస్ మీద మూలల్లో పూసేసినట్టు వస్తోంది. లెన్స్ పాడైందా?

కాలేదు. రేంజ్‌ఫైండర్ లెన్సుల వెనక గాజు సెన్సర్‌కు బాగా దగ్గరగా ఉండి, మూలల్లో వెలుతురు ఏటవాలుగా పడుతుంది. సెన్సర్ ముందున్న ఫిల్టర్ గాజు ఆ ఏటవాలు కిరణాలను పక్కకు నెడుతుంది. ఫిల్మ్‌కి ఆ గాజు లేదు, లైకా ఎం డిజిటల్ బాడీల్లో అది పల్చగా ఉంటుంది. 1999లో వచ్చిన వాయిట్‌లాండర్ 15 మి.మీ. ఎఫ్/4.5 ఫిల్మ్ కాలపు డిజైన్. 2015లో వచ్చిన మూడో వెర్షన్‌ను డిజిటల్ సెన్సర్లను దృష్టిలో పెట్టుకుని మార్చారు. కాబట్టి ఆ పేరుతో ఫలితం చూసినప్పుడు ఏ వెర్షన్, ఏ బాడీ మీద అని అడగండి. ఎస్ఎల్ఆర్ (లోపల కదిలే అద్దం ఉన్న కెమెరా) కోసం చేసిన వైడ్ లెన్సులు ఆ అద్దానికి చోటివ్వడానికి సెన్సర్‌కు దూరంగా ఉంటాయి, వాటికి ఈ బాధ చాలా తక్కువ.

ఏపీఎస్-సీ (ఫుల్ ఫ్రేమ్ కన్నా చిన్న సెన్సర్) కెమెరాలో పరీక్షిస్తే చాలా?

మీరు వాడేది ఏపీఎస్-సీ అయితే చాలు. ఫుల్ ఫ్రేమ్ మూల మధ్య నుంచి 21.6 మి.మీ. దూరంలో ఉంటుంది, ఏపీఎస్-సీ మూల దాదాపు 14 మి.మీ. దగ్గరే ఆగిపోతుంది. పాత లెన్స్ అసలు బలహీనత బయటే ఉండిపోతుంది. కానీ 24 మెగాపిక్సెల్ ఏపీఎస్-సీలో పిక్సెల్ సుమారు 3.9 మైక్రాన్లే కాబట్టి మధ్య భాగాన్ని మరింత కఠినంగా పరీక్షిస్తుంది.

కంప్యూటర్‌లో ఎలా పోల్చాలి?

షార్పెనింగ్, లెన్స్ ప్రొఫైల్, క్లారిటీ అన్నీ సున్నా చేసి, ఒకే వైట్ బ్యాలెన్స్‌తో తెరవండి. మూలలు చీకటిగా వచ్చే లెన్స్ అన్యాయంగా మెత్తగా కనిపిస్తుంది, ఆ మూల వెలుతురును రెండో లెన్స్‌తో సమానం చేశాకే చూడండి. వేర్వేరు మెగాపిక్సెల్స్ ఉన్న బాడీలైతే పెద్ద ఫైల్‌ను చిన్నదాని కొలతకు తగ్గించాలి. పార్శ్వపు రంగు అంచులను సాఫ్ట్‌వేర్ సులువుగా తీసేస్తుంది, తీశాక కొన్ని పాత లెన్సుల మూలలు గణనీయంగా మెరుగవుతాయి. అందుకే రంగు తీయకముందు ఒకసారి, తీశాక ఒకసారి పోల్చడం న్యాయం.

వంకర (డిస్టార్షన్) సరిచేసేటప్పుడు మాత్రం జాగ్రత్త. సామ్యాంగ్ 14 మి.మీ. ఎఫ్/2.8లో గీతలు మీసంలా అలగా వంగుతాయి. దాన్ని నిటారు చేస్తే అంచుల పిక్సెల్స్ సాగి పదును తగ్గుతుంది. లావోవా 15 మి.మీ. ఎఫ్/2 జీరో-డీ లాంటి వంకర తక్కువ లెన్స్‌కి ఆ నష్టం ఉండదు. మీరు భవనాలు తీస్తే, సరిచేసిన ఫైళ్లనే పోల్చండి.

ఇంకో మాట. ఫైళ్ల పేర్లు ఇంట్లో ఇంకెవరిచేతనైనా మార్పించి, ఏది ఏ లెన్సో తెలియకుండా చూడండి. ఖరీదు తెలిసిన కన్ను ఖరీదైనదాన్నే ఎన్నుకుంటుంది.

పాలపుంత ఫోటోల కోసం పోల్చాలంటే?

అప్పుడు కోమా ముఖ్యం. మూలల్లో నక్షత్రం చుక్కలా కాక రెక్కలు విచ్చిన పిట్టలా కనిపించడమే కోమా. పరీక్షలో చాలామంది ఎక్స్‌పోజర్ ఎక్కువ పెట్టి, భూమి తిరగడంవల్ల వచ్చిన సాగుడును కోమా అనుకుంటారు. ఖగోళ మధ్యరేఖ దగ్గర నక్షత్రం 14 మి.మీ. లెన్స్‌లో సెకనుకు దాదాపు 1 మైక్రాన్ జరుగుతుంది. అంటే ఒక పిక్సెల్ దాటడానికి 6 సెకన్లు. 20 మి.మీ.కి 4 సెకన్లు, 24 మి.మీ.కి మూడున్నర. కోమా చూడ్డానికి ఆ లోపే ఉంచి ఐఎస్ఓ పెంచుకోండి. 500ను ఫోకల్ లెంగ్త్‌తో భాగించే పాత లెక్క 14 మి.మీ.కి దాదాపు 36 సెకన్లు ఇస్తుంది, అందులో నక్షత్రం ఆరు పిక్సెల్స్ సాగుతుంది.

ఊళ్లో ఉంటే దూరపు వీధి దీపం కూడా పనికొస్తుంది, ఎక్స్‌పోజర్ బాగా తగ్గించి మూలకు తెచ్చుకోవాలి.

కంపెనీల ఎంటీఎఫ్ గ్రాఫులతో పని జరగదా?

సన్నని గీతల కాంట్రాస్ట్‌ను లెన్స్ ఎంత నిలుపుతుందో చూపేవి ఎంటీఎఫ్ గ్రాఫులు. ఒకే కంపెనీ గ్రాఫులను వాటిలో వాటితో పోల్చవచ్చు. కొన్ని కంపెనీలు కంప్యూటర్‌లో లెక్కగట్టినవి ఇస్తాయి, జైస్ లాంటివి కొలిచినవి ఇస్తాయి. గీతల సంఖ్య కూడా ఒకరు మిల్లీమీటరుకు 10, 30 అంటే ఇంకొకరు 10, 20, 40 అంటారు. ఇవన్నీ కలిపి పోల్చడం కుదరదు. పైగా మీ చేతిలో ఉన్న నలభై ఏళ్ల కాపీ సంగతి ఏ గ్రాఫూ చెప్పదు.

లెన్స్ మీది డెప్త్ గీతలు పెట్టి తీస్తే దూరం మెత్తగా వస్తోంది. ఎందుకు?

ఏ దూరం నుంచి ఏ దూరం దాకా షార్ప్‌గా వస్తుందో చెప్పే ఆ గీతలు 0.03 మి.మీ. మసకను షార్ప్‌గానే లెక్కేసినవి, అంటే ఐదు పిక్సెల్స్. 20 మి.మీ. ఎఫ్/8కి ఆ లెక్కన హైపర్‌ఫోకల్ దూరం (అక్కడ ఫోకస్ చేస్తే అనంతం కూడా షార్ప్‌గా లెక్కకొచ్చే దూరం) 1.67 మీటర్లు. డిజిటల్‌కి దానికి రెట్టింపు, 3.3 మీటర్ల దగ్గర పెట్టండి. సులువుగా చెప్పాలంటే, ఎఫ్/8లో తీస్తున్నప్పుడు ఎఫ్/4 గీతలను చూడండి.

పాత వైడ్ లెన్స్ కొనేముందు ఏం చూడాలి?

మోడల్ సరిగ్గా ఏదో తెలుసుకోండి. నికాన్ 28 మి.మీ. ఎఫ్/2.8 పేరుతో రకరకాల డిజైన్లు ఉన్నాయి. బాగా పేరున్నది సీఆర్‌సీ ఉన్న ఏఐ-ఎస్, అది 0.2 మీటర్ల దాకా ఫోకస్ అవుతుంది. ముందటి ఏఐ లెన్స్, చవకైన ‘సిరీస్ ఈ’ (Series E) లెన్స్ రెండూ 0.3 మీటర్ల దగ్గరే ఆగుతాయి. ఫోకస్ రింగ్ మీద ఆ అంకె ఒక్కటి చూస్తే ఏది కొంటున్నారో తెలిసిపోతుంది.

తర్వాత ఫోన్ టార్చ్‌ను వెనక నుంచి వేసి ముందు నుంచి ఏటవాలుగా చూడండి. సాలెగూడు దారాల్లా కనిపిస్తే ఫంగస్. పల్చని పొగలా పరచుకుని ఉంటే హేజ్, అది ఫంగస్ కన్నా కాంట్రాస్ట్‌ను ఎక్కువ తింటుంది. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు తేమ ఉన్న ఊళ్లలో లెన్సులను మూత బిగుతైన డబ్బాలో సిలికా జెల్ వేసి, లోపల తేమ 40 నుంచి 50 శాతం ఉండేలా చూసుకోవాలి. తోలు కేసులో పెట్టి బీరువాలో దాచిన లెన్సులే ఎక్కువగా బూజు పడతాయి. లోపల హేజ్ ఉన్న లెన్స్‌ని శుభ్రం చేయించకుండా ఏ పోలికలోనూ పెట్టకండి. ఎఫ్/2.8లో తెల్లగా వెలిసిపోయి, ఎఫ్/8లోనూ తేరుకోకపోతే గాజు కన్నా ముందు ఆ పొగనే అనుమానించాలి.